నోరెత్తని నొప్పి

పిల్లికి పంటినొప్పి వస్తే ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. దెబ్బ తగిలిన కుక్క మూలుగుతుంది, కాళ్ళ చుట్టూ తిరుగుతుంది, మూతి తెచ్చి ఒళ్ళో పెడుతుంది. పిల్లి అలా చెయ్యదు. ఎప్పటిలాగే కిటికీ గట్టు మీద కూర్చుంటుంది. పిలిస్తే ఒకసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. వేళకు గిన్నె దగ్గరికి వస్తుంది, ఎంతో కొంత తింటుంది. తింటోంది కదా, బాగానే ఉందని మనం నిశ్చింతగా ఉంటాం. పన్ను వదులై ఊగుతున్నా, చిగురు ఉబ్బి రక్తం వస్తున్నా పిల్లి చాలాకాలం తిండి మానదు. నమలడం మానేసి మింగడం మొదలుపెడుతుంది.

గిన్నె దగ్గర కాసేపు కూర్చుని చూస్తే మాత్రం కొన్ని సంగతులు బయటపడతాయి. డబ్బా మూత చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చిన పిల్లి గిన్నె ముందు ఆగిపోతుంది. వాసన చూస్తుంది. ఒక పలుకు నోట్లోకి తీసుకుని తల ఒక పక్కకు వంచి, అటువైపు పళ్ళతోనే కొరకాలని చూస్తుంది. పలుకు జారి నేల మీద పడుతుంది. మళ్ళీ తీసుకుంటుంది, మళ్ళీ పడుతుంది. ఒక్కోసారి తిండిని చూసి బుస్సుమని నాలుగడుగులు వెనక్కి గెంతుతుంది. తనను బాధపెట్టింది ఆ గిన్నే అనుకుంటుంది కాబోలు. చివరికి పులుసు మాత్రం నాకి వెళ్ళిపోతుంది. "పెద్దదైపోయిందిలే అమ్మా, అరగట్లేదు" అంటుంది అమ్మమ్మ. "కొత్త ప్యాకెట్ నచ్చలేదేమో అమ్మమ్మా" అంటుంది మనవరాలు. ఇద్దరూ ప్రేమతోనే అంటారు. ముందరి కాలి మీద ఉమ్మి మరక, ఎప్పుడూ నున్నగా ఉండే వీపు మీద ఉండలు కట్టిన బొచ్చు, ఆవలించినప్పుడు గుప్పుమనే వాసన మాత్రం ఇద్దరి దృష్టికీ రావు. ఒళ్ళు నాక్కోవాలంటే నోరు కదపాలి. నోరు నొప్పి పెడుతుంటే పిల్లి తనకెంతో ఇష్టమైన ఆ పనిని కూడా వదులుకుంటుంది.

పిల్లి నోరు వాసన రావడం మామూలే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. అది మామూలు కాదు. చేప తిన్న వాసన కాసేపుండి పోతుంది. రోజంతా వదలని కుళ్ళు వాసన జబ్బు వాసన.

నొప్పిని ఇంతగా దాచుకోవడం ఎందుకంటే, కారణం దాని పుట్టుకలోనే ఉంది. మన ఇళ్ళలో తిరిగే పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి సంతతి. ఒంటరిగా వేటాడి బతికిన జాతి. తనకంటే చిన్నదాన్ని తాను తింటుంది, తనకంటే పెద్దదానికి తాను ఆహారమవుతుంది. నీరసం పైకి తెలిస్తే బతుకులేని చోట పెరిగిన ప్రాణికి బాధ బయటపెట్టకపోవడం అలవాటైంది. తొమ్మిది వేల ఏళ్ళకు పైగా మనిషి చెంత ఉన్నా ఆ అలవాటు దాన్ని వదల్లేదు.

ఒకప్పుడు మన ఊళ్ళలో పిల్లికి ఒక ఉద్యోగం ఉండేది. గాదె కింద ఎలుకలు పట్టేది, ఉట్టి మీది పాలచట్టి కోసం కాచుకునేది, పెంకుల మీద నిద్రపోయేది. దానికి పళ్ళున్నాయా ఊడాయా అని చూసే తీరిక ఎవరికీ లేదు. పళ్ళు ఊడేంతకాలం బతికిన పిల్లులూ తక్కువే. ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో పిల్లి ఇంటి మనిషి. బాల్కనీకి వల కట్టించి, ఇసుక పెట్టె కొని, టీకాలు వేయించి పెంచుకుంటున్నారు. గడప దాటని పిల్లి పదిహేనేళ్ళు, అంతకంటే ఎక్కువ కూడా బతుకుతుంది. ఆయుష్షు పెరిగినందుకు సంతోషమే. ఆ ఆయుష్షులో సగం పంటి బాధతో గడిస్తే మాత్రం అది మనం చెయ్యాల్సిన పని చెయ్యకపోవడమే.

పిల్లి నోరు చిన్నదే గాని గొప్ప ఏర్పాటు. రెండు మూడు వారాల కూనకు పాలపళ్ళు మొలవడం మొదలై ఆరు వారాలకల్లా 26 వస్తాయి. మూడున్నర, నాలుగు నెలలప్పటి నుంచి అవి ఊడిపోతూ, ఆరు నెలలు నిండేసరికి 30 శాశ్వత దంతాలు వస్తాయి. ఊడిన పాలపళ్ళలో చాలావాటిని కూన మింగేస్తుంది. ఎప్పుడైనా ఇల్లు ఊడుస్తుంటే బియ్యపు నూకంత పన్ను ఒకటి దొరుకుతుంది. కంగారు పడనక్కర్లేదు. ముందువైపు పైన ఆరు, కింద ఆరు చిన్నపళ్ళు, నాలుగు కోరలు, మిగిలినవి బుగ్గపళ్ళు. మనకున్నట్టు చదునుగా ఉండి నూరే పళ్ళు దానికి లేవు. పై బుగ్గపన్నూ కింది బుగ్గపన్నూ ఒకదాని పక్కగా ఒకటి జారుతూ మాంసాన్ని తెగ్గోస్తాయి.

శ్రీవైష్ణవులు శరణాగతిని వివరించడానికి మార్జాల కిశోర న్యాయం చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూనకు ఆ శ్రమ కూడా లేదు, తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది. ఎలుక మెడ విరిచే ఆ కోరలే కూన మెడ మీద గాటు పడకుండా పట్టుకుంటాయి. ఎంత బలంగా పట్టాలో, ఎంత మెత్తగా పట్టాలో తెలిసిన నోరు అది. అటువంటి నోటికి నొప్పి తెలియదనుకోవడం కంటే పొరపాటు లేదు.

పిల్లికి తీపి తెలియదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తీపిని పసిగట్టే గ్రాహకానికి అవసరమైన జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచెయ్యడం లేదని అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలోని మోనెల్ సంస్థ శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. పులిదీ చీతాదీ అదే కథ. కాబట్టి చాక్లెట్లు తిన్న పిల్లలకు పళ్ళు పుచ్చినట్టు పిల్లికి పుచ్చడం చాలా అరుదు. దాని కష్టమంతా చిగుళ్ళ దగ్గర మొదలవుతుంది.

పళ్ళు శుభ్రం చేసిన కొన్ని గంటలకే వాటి మీద సూక్ష్మజీవుల పొర చేరుతుంది. అదే పాచి. వేలికి గుడ్డ చుట్టి రుద్దితే పోయేంత మెత్తన. రెండు మూడు రోజులు పట్టించుకోకపోతే ఉమ్మిలోని ఖనిజాలు అందులో చేరి గట్టిపడుతుంది. అప్పుడది గార. గారను ఏ బ్రష్షూ కదిలించలేదు. ఆ గరుకు మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అంటుకుని మెల్లగా చిగురు కిందికి దిగుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది. ఈ దశలో పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది. ఇది దాటితే పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక మళ్ళీ రాదు. నాలుగేళ్ళు దాటిన పిల్లుల్లో 50 నుంచి 90 శాతం దాకా ఏదో ఒక పంటి జబ్బుతో ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పిల్లుల ఆరోగ్య కేంద్రం అంటోంది. తక్కువ లెక్కే తీసుకున్నా రెండు పిల్లుల్లో ఒకటి.

ఇది చాలదన్నట్టు పిల్లులకు మరో జబ్బుంది. శరీరంలోని కణాలే పంటిని కొద్దికొద్దిగా కరిగించి తినేస్తాయి. చిగురు అంచున, పంటి మొదట్లో ఎర్రటి చుక్క కనబడుతుంది. దాన్ని తాకితే మత్తులో ఉన్న పిల్లి దవడ కూడా టకటకలాడుతుంది. అంత నొప్పి. పిల్లులు పళ్ళు పోగొట్టుకోవడానికి పెద్ద కారణం ఇదే. ఎందుకొస్తుందో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. తోమితే రాదని హామీ కూడా లేదు. ఆ పన్ను తీసెయ్యడమే చికిత్స. ఇంకొన్ని పిల్లులకు నోరంతా పుండై, గొంతు దాకా ఎర్రగా కాలినట్టు ఉంటుంది. వాటిలో చాలావాటికి బుగ్గపళ్ళన్నీ, ఒక్కోసారి నోట్లోని పళ్ళన్నీ తీయించాల్సి వస్తుంది. వినడానికే బాధగా ఉంటుంది. కానీ పళ్ళు తీయించుకున్న పిల్లి పుండ్లు మానాక మెత్తని తిండి ఆవురావురుమని తింటుంది, మళ్ళీ ఒళ్ళు నాక్కుంటుంది. నొప్పిపెట్టే పళ్ళకంటే పళ్ళు లేని నోరే దానికి సుఖం.

"అడవిలో పిల్లులకు ఎవరు పళ్ళు తోముతున్నారు?" అని అడిగేవాళ్ళుంటారు. సబబైన ప్రశ్నే. దానికి జవాబు దక్షిణ హిందూ మహాసముద్రంలోని మారియన్ దీవిలో దొరికింది. ఆ దీవిలోని వాతావరణ కేంద్రంలో ఎలుకల బెడద తీర్చడానికి 1949లో ఐదు పిల్లుల్ని తీసుకెళ్ళారు. అవి వేలకు వేలుగా పెరిగి, నేలలో బొరియలు చేసుకునే సముద్రపక్షుల్ని తింటూ బతికాయి. పక్షిజాతులు నాశనమవుతుంటే ఆ పిల్లుల్ని పూర్తిగా తొలగించాల్సి వచ్చింది. తర్వాత వాటి పుర్రెల్ని పరీక్షించిన నిపుణులకు గార పట్టిన పళ్ళు తక్కువే కనిపించాయి. చిగుళ్ళ జబ్బు ఆనవాళ్ళు మాత్రం సగానికి మించిన పిల్లుల్లో ఉన్నాయి. రెక్కలూ ఎముకలతో సహా నమిలి తిన్న పిల్లుల గతే అది. అడవి తిండి పళ్ళను పైకి తెల్లగా ఉంచుతుందేమో గాని చిగుళ్ళను కాపాడలేదు. మనింట్లో ఎండు గుళికలు తినే పిల్లికి ఆ తిండే పళ్ళు తోముతుందనుకోవడం ఇంకా వట్టిమాట. మామూలు గుళిక పన్ను తగలగానే పటుక్కున విరిగిపోతుంది, చిగురు అంచు దాకా పోనే పోదు. పళ్ళ కోసమని ప్రత్యేకంగా చేసిన, పన్ను లోతుగా దిగేంత పెద్ద పీచు గుళికలు కొంత ఉపయోగపడతాయి. ఇటువంటి వస్తువుల్ని పరిశీలించి ముద్ర వేసే పశు దంతారోగ్య మండలి ఒకటి అమెరికాలో 1997 నుంచి ఉంది. వీ ఓ హెచ్ సీ అన్న నాలుగక్షరాలు ప్యాకెట్ మీద ఉన్నాయో లేదో చూసుకుని కొనడం మంచిది.

వీటన్నిటి తర్వాత మిగిలేది రోజూ తోమడమే. పిల్లికి పళ్ళు తోమడమా అని నవ్వొస్తుంది చాలామందికి. నవ్వు తగ్గాక భయం వేస్తుంది, అది కరుస్తుందేమోనని. ఈ రెండింటికీ విరుగుడు ఓపికే.

రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి తెనాలి రామకృష్ణుడు మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడట. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేదట. చిన్నప్పుడు నవ్వుకుంటూ విన్న కథే గాని పిల్లి స్వభావం అందులో ఉన్నదున్నట్టుంది. ఒక్కసారి నోరు నొచ్చితే ఆ వస్తువునూ, ఆ చేతినీ, ఆ గదినీ అది మర్చిపోదు. బ్రష్షు కొన్న రోజే పిల్లిని తువ్వాలులో చుట్టి, మెడ పట్టి, నోరు తెరిచి తోమబోతే ఆ ఇంట్లో ఆ బ్రష్షు పని అక్కడితో సరి.

మొదట్లో బ్రష్షు ఊసే వద్దు. పిల్లి తిని, ఒళ్ళు నాక్కుని, కునుకు పట్టే వేళ చూసుకుని పక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుని మీదికి వంగితే దానికి బెదురు. తాను మామూలుగా ఇష్టపడే చోట, బుగ్గల మీద, గడ్డం కింద నిమరాలి. నిమురుతూ నిమురుతూ వేలిని మూతి అంచుకు తేవాలి. తోక విసిరినా, చెవులు వెనక్కి వాల్చినా వెంటనే ఆపెయ్యాలి. ఆపడం ఓటమి కాదు. వద్దంటే ఆగుతారన్న నమ్మకం కుదిరితేనే పిల్లి రేపు మళ్ళీ వస్తుంది. కొన్నాళ్ళకు పై పెదవి ఎత్తనిస్తుంది. ఎత్తి, ఒక్క క్షణం చూసి, వదిలేసి, ఇష్టమైన తినుబండారం చిన్న ముక్క పెట్టాలి.

పెదవి ఎత్తినప్పుడు ఏం చూడాలో తెలిసి ఉండాలి. కోర వెనక కొంచెం ఖాళీ, ఆ తర్వాత చిన్న బుగ్గపళ్ళు, వాటి పక్కన అన్నిటికంటే పెద్ద బుగ్గపన్ను ఉంటుంది. ఉమ్మి వచ్చే నాళం ఆ దగ్గర్లోనే తెరుచుకుంటుంది కాబట్టి గార ఎక్కువగా పట్టేది అక్కడే. ఆరోగ్యమైన చిగురు లేత గులాబీ రంగులో, పంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. కొన్ని పిల్లులకు చిగుళ్ళ మీద నల్లమచ్చలు పుట్టుకతోనే ఉంటాయి, వాటికి భయం లేదు. పంటికీ చిగురుకూ నడుమ సన్నటి ఎర్రగీత కనబడితే అది మొదటి హెచ్చరిక. ఆ గీత మందమైనా, పసుపు గోధుమ రంగు పెచ్చు పంటి మొదట్లో కనబడినా ఇంట్లో తోమడం మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించాలి. నొప్పిగా ఉన్న నోటిని తోమితే అది మనమే పెట్టిన కాగే పాలవుతుంది.

పెదవి ఎత్తనిచ్చాక పిల్లుల టూత్‌పేస్టు కొంచెం వేలి కొసన పెట్టి నాకనివ్వాలి. అవి కోడిమాంసం, చేప రుచులతో పెట్‌షాపుల్లో దొరుకుతున్నాయి. పుదీనా ఘాటు మనకు హాయి, పిల్లికి కంటగింపు. పేస్టు రుచి మరిగాక వేలికి మెత్తటి తడిగుడ్డ చుట్టి పళ్ళ మీద ఒకసారి రాయాలి. ఆ తర్వాతే బ్రష్షు. పసిపిల్లలకు వాడే అతి మెత్తని చిన్న బ్రష్షయినా సరిపోతుంది. పిల్లి నోరు తెరవనక్కర్లేదు. మూతి మూసి ఉండగానే పెదవి కిందుగా బ్రష్షు పోనిచ్చి, కుచ్చు చిగురు అంచుకు ఏటవాలుగా ఆనేలా పట్టుకుని, బుగ్గవైపు మాత్రమే, ముఖ్యంగా పై బుగ్గపళ్ళను మెత్తగా రుద్దాలి. లోపలివైపు సంగతి దాని గరుకు నాలుక చాలావరకు చూసుకుంటుంది. ఒక్కో వైపు అరనిమిషం చాలు. పేస్టు దొరక్కపోతే వట్టి నీళ్ళతో రుద్దినా మేలే, పాచి వదిలించేది రాపిడే. రోజూ చెయ్యాలి. తప్పనిసరైతే రోజు విడిచి రోజు. వారానికొకసారి ఎంత శ్రద్ధగా తోమినా ఆలోపు పాచి గారైపోతుంది.

ఇదంతా కుదరడానికి వారాలు పడుతుంది. కొన్ని పిల్లులకు నెలలు పడుతుంది. కూనగా ఉన్నప్పుడే వేలి స్పర్శ అలవాటు చేస్తే అంత సులువు మరొకటి లేదు. పళ్ళు మారే నెలల్లో మాత్రం చిగుళ్ళు సలుపుతుంటాయి కనుక నిమరడంతో సరిపెట్టాలి. పెద్ద వయసులో ఇంటికొచ్చిన పిల్లి, వీధిలో దెబ్బలు తిని మనిషి చెయ్యి చూస్తే వణికే పిల్లి ఎప్పటికీ బ్రష్షుకు ఒప్పుకోకపోవచ్చు. వాటిని బలవంతపెట్టకూడదు. వాటికి తగిన తిండి పెట్టడం, తినే తీరు గమనించడం, ఏటా డాక్టరుకు చూపించడం చేస్తే చాలు. పళ్ళ కోసం పిల్లి స్నేహం పోగొట్టుకోవడం మంచి బేరం కాదు.

ఒకవేళ కరిస్తే, చిన్న గాటే కదా అని వదలకూడదు. పిల్లి కోర సన్నగా లోతుగా దిగుతుంది, పైకి చుక్కే కనబడుతుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రేబిస్ టీకా ఏటా వేయించని పిల్లి నోట్లో వేలు పెట్టే ఆలోచనే చెయ్యొద్దు.

పంటినొప్పికి మన ఇళ్ళలో వైద్యానికి కొదవ లేదు. వేపపుల్లతో, కచ్చికతో, ఉప్పుతో పళ్ళు తోమిన పెద్దల పిల్లలం మనం. పన్ను సలిపితే లవంగం పెట్టుకుంటాం. ఆ ప్రేమే పిల్లి విషయంలో ప్రమాదం తెస్తుంది. లవంగ నూనెలో ఉండే యూజినాల్ లాంటి పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనకు ఉపశమనమిచ్చే చుక్క దానికి విషం. మనం వాడే పేస్టులో ఫ్లోరైడూ నురగ పదార్థాలూ ఉంటాయి. మనం పుక్కిలించి ఊసేస్తాం, పిల్లికి ఊయడం రాదు, మొత్తం కడుపులోకి పోతుంది. ఉప్పు, బొగ్గుపొడి పిల్లి నోటికి పనికిరావు.

అన్నిటికంటే ముఖ్యమైనది పారాసిటమాల్. డోలో, క్రోసిన్ లేని ఇల్లు మన దగ్గర లేదు. పిల్లి బాధ చూడలేక మాత్రను నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క పాలలో కలిపి పెట్టేవాళ్ళుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పారాసిటమాల్ పిల్లి రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది. గంటల్లో చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది, ముక్క కూడా తియ్యగలదు. ఐబూప్రొఫెన్ వంటి మిగతా నొప్పి మాత్రలూ అంతే. పిల్లికి నొప్పి మందు పశువైద్యులు రాసిస్తేనే, వాళ్ళు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. పొరపాటున తినేస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

గారను గోటితోనో పిన్నీసుతోనో గీకే ప్రయత్నమూ వద్దు. పంటి మీద గీతలు పడతాయి, చిగురు తెగుతుంది, చిగురు కింద ఉన్న అసలు జబ్బు అలాగే ఉంటుంది. మత్తు లేకుండానే పళ్ళు శుభ్రం చేస్తామని ప్రకటించే చోట్లు ఈమధ్య కనబడుతున్నాయి. మత్తంటే అందరికీ భయమే, కాబట్టి ఆ మాట వినసొంపుగా ఉంటుంది. ప్రపంచ చిన్నజంతువుల పశువైద్య సంఘం తన దంతవైద్య మార్గదర్శకాల్లో ఈ పద్ధతిని స్పష్టంగా తోసిపుచ్చింది. మెలకువగా ఉన్న పిల్లిని అదిమి పట్టి పైపైన గార రాల్చితే పళ్ళు తెల్లబడతాయి, యజమాని తృప్తిగా ఇంటికెళ్తాడు, చిగురు కింద ఎముక కరుగుతూనే ఉంటుంది. పిల్లి పన్ను చాలావరకు చిగురు లోపలే ఉంటుంది. అక్కడేముందో ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది, దానికి పిల్లి కదలకుండా ఉండాలి. ముందుగా రక్తపరీక్ష చేసి, వయసునూ మూత్రపిండాలనూ గుండెనూ చూసుకుని ఇచ్చే మత్తు, ఏళ్ళ తరబడి నోట్లో ఉండే చీము కంటే భయపడాల్సింది కాదు.

ఇక్కడ ప్రభుత్వాలకూ ఒక మాట చెప్పాలి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలకు సొంత ఆసుపత్రులున్నాయి. హైదరాబాదు నారాయణగూడలో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. జిల్లా కేంద్రాల్లో మాత్రం పిల్లి పంటికి ఎక్స్‌రే తీయించాలంటే నగరానికి బస్సెక్కాల్సిన ఊళ్ళే ఎక్కువ. పాడి పశువులకు పెద్దపీట వెయ్యడం న్యాయమే, ఎన్నో కుటుంబాలు వాటి మీదే బతుకుతున్నాయి. దాంతోపాటు జిల్లాకొక పశువైద్యశాలలోనైనా చిన్న దంత ఎక్స్‌రే యంత్రం, దాన్ని వాడడంలో శిక్షణ పొందిన ఒక డాక్టరు ఉండేలా చూడడం మోయలేని భారం కాదు. అపార్ట్‌మెంటు మెట్ల కింద, చేపల మార్కెట్ వెనక రోజూ పిల్లులకు తిండి పెట్టే మంచి మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వీధిపిల్లికి బ్రష్షు పట్టడం వాళ్ళ వల్ల కాదు. కానీ మూతి వెంట జొల్లు కారుతూ, బొచ్చు రేగి, తిండి ముందు కూర్చుని తినలేని పిల్లిని మొదట గుర్తుపట్టేది వాళ్ళే. అలా గుర్తుపట్టిన పిల్లిని తీసుకెళ్ళడానికి దగ్గర్లో ఒక చోటు ఉండాలి.

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళకు మా మనవి ఒక్కటే. ఈ ఏడు టీకా కోసం బుట్టలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు, సూది వెయ్యగానే బుట్ట మూత వెయ్యకండి. "డాక్టరుగారూ, ఒకసారి నోరు కూడా చూడండి" అని అడగండి. పెదవి రెండు వైపులా ఎత్తి చూడడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.